నేను వేసిన కళ్ళు

దిష్టిని నేను వెక్కిరించలేను. నన్ను పెంచి పెద్ద చేసింది దిష్టి సామాను అమ్మిన సొమ్మే. జగ్గయ్యపేట బజారులో మా నాన్నకి పూజ సామాను కొట్టు ఉంది. ముందు వరసలో కర్పూరం, వత్తులు, పసుపు, కుంకుమ ఉంటాయి. లోపల పెళ్ళి సామాను, అంటే చేటలు, జల్లెడలు, వెదురు బుట్టలు, పైకప్పు నుంచి తాళ్ళతో వేలాడుతుంటాయి. పెళ్ళిళ్ళు సీజను చూసుకుని వస్తాయి గానీ దిష్టి బేరానికి సీజను లేదు. పటిక, నల్ల తాళ్ళు, గవ్వలు, నాలుక చాపిన రాక్షసి ముఖాలు ఏడాది పొడుగునా పోతూనే ఉంటాయి. ఇల్లు కడుతున్నవాళ్ళు, లారీ కొన్నవాళ్ళు, పిల్లకి సంబంధం కుదిరినవాళ్ళు, ఎవరింట్లో మంచి జరిగినా ముందు మా కొట్టు మెట్లెక్కుతారు. పేటలో ఎవరికి కలిసొస్తోందో మా నాన్నకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ రాక్షసి ముఖాలు అచ్చులో పోసి, పైపైన రంగు చిమ్మి, బస్తాల్లో వచ్చేవి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి వేసినవాడికి విసుగొచ్చేదేమో, ఒక కన్ను గుమ్మం వైపు చూస్తే ఇంకోటి గోడ వైపు చూసేది. కళ్ళు కుదరని బొమ్మని ఎవరూ కొనరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న ఓ రంగు డబ్బా, ఓ సన్న కుంచె ఇచ్చి వాటి కళ్ళు దిద్దమన్నాడు. కంటిపాపలో ఒక పక్కగా చిన్న తెల్ల చుక్క పెడితే, ఆ ముఖం మనం ఎక్కడ నిలబడినా మనల్నే చూస్తుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. దాన్ని కళ అంటారని ఎవరూ చెప్పలేదు. కొట్లో పని, అంతే.

ఇంటర్‌కి నన్ను నందిగామలో చేర్చారు. రోజూ ఆర్టీసీ బస్సు ప్రయాణం. పేటలో బయలుదేరిన బస్సు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కుతుంది. అక్కడ ఎక్కేది నా స్నేహితురాలు. దాన్ని ఇక్కడ ‘ఆమె’ అని మర్యాదగా రాద్దామని చూశాను గానీ చెయ్యి రాలేదు. మా మధ్య అలవాటైన మాట ‘అది’ కాబట్టి అదే రాస్తున్నాను. పేట బస్టాండులో నేను ముందే ఎక్కి, వెనక వైపు కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటులో బ్యాగు పెట్టేదాన్ని. వచ్చిన ప్రతివాళ్ళూ బ్యాగు తీయమనేవాళ్ళు. ‘మనిషున్నారండి’ అనేదాన్ని. ఎక్కడుంది మనిషి అని కసిరేవాళ్ళు. చిల్లకల్లులో ఎక్కుతుందండి అంటే, ఊరు కాని ఊళ్ళో మనిషికి ఇక్కడ సీటేంటని తగువు పెట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళకి టిక్కెట్టు తీసేశాక రద్దీ పెరిగి ఆ తగువులు రోజువారీ అయిపోయాయి. కండక్టరు కూడా నన్ను తిట్టాడు. అయినా అది ఎక్కేసరికి దాని సీటు దానికుండేది.

వాళ్ళన్నయ్య పాత ఫోను దానికిచ్చాడు. అందులో జపాను వాళ్ళ కార్టూన్ సీరియల్ ఒకటి ఉంది. చదువులో ముందుండే కుర్రాడు, ఏ లోటూ లేనివాడు, దేని మీదా రుచి లేకుండా బతుకుతుంటాడు. ఒకరోజు బళ్ళో బొమ్మలు వేసుకునే గదిలోకి వెళ్ళి, ఎవరో వేసిన బొమ్మ ముందు ఆగిపోతాడు. అక్కణ్ణుంచి వాడి బతుకు మారిపోతుంది. చెరో ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని, ఒక్క ముక్క తెలియని జపాను భాష వింటూ, కింద పరిగెత్తే ఇంగ్లీషు చదువుకుంటూ మేం నందిగామ వెళ్ళేవాళ్ళం. దాన్నే పుస్తకంగా వేసిన పేజీలు కూడా ఎక్కడో సంపాదించింది. మొదట్లో వాటిని మన పుస్తకంలాగే ఎడమ నుంచి కుడికి చదివాం. కుర్రాడు ముందు ఏడ్చి తర్వాత దెబ్బ తినడమేమిటో అర్థం కాక, వీడెవడే ఇంత ముందుచూపున్నవాడని నవ్వుకున్నాం. అవి కుడి నుంచి చదవాలని చాలా పేజీలు అయ్యాక గానీ తెలియలేదు.

నవ్వుకున్నాం గానీ ఆ కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. బొమ్మ వెయ్యడమంటే చెయ్యి తిరగడం కాదు, చూడడం నేర్చుకోవడమని వాడి వల్లే తెలిసింది. అప్పటిదాకా కొట్లో వేలాడే బుట్టల్ని బుట్టలుగానే చూశాను. ఒక సాయంత్రం వాటి మధ్య సందుల్లోంచి వెలుతురు పడుతుంటే, ఆ సందులకి కూడా ఆకారాలున్నాయని కనపడింది. బుట్ట గీయడం మానేసి బుట్టకీ చేటకీ మధ్య ఖాళీని గీశాను. ఖాళీలన్నీ గీసేసరికి బుట్టలు వాటంతటవే కాగితం మీదికొచ్చాయి. ఆ రాత్రి సంతోషానికి అన్నం సహించలేదు.

ఆ సీరియల్లో ఒక పద్ధతుంది. పిల్లలు వేసిన బొమ్మలన్నీ గోడకి వరసగా నిలబెట్టి, అందరి ముందూ మంచీ చెడూ చెప్పుకుంటారు. ఒకే సీటు కోసం పోటీ పడేవాళ్ళు కూడా ఒకరి బొమ్మ గురించి ఒకరు ఉన్నదున్నట్టు చెప్పుకుంటారు. మేం కూడా అదే మొదలుపెట్టాం. బస్సులో ఇద్దరి కాగితాలూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని నిజం చెప్పాలి, మొహమాటం లేదు. దాని బొమ్మల్లో గీత బావుండేది, బరువు ఉండేది కాదు. చెప్పేదాన్ని. నా రంగులు దిష్టి బొమ్మల రంగుల్లా అరుస్తున్నాయని అది చెప్పేది. అది చెప్పింది కాబట్టే సరిచేసుకున్నాను. ఇప్పటికీ ఒప్పుకుంటాను, బొమ్మల విషయంలో అది ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

రెండో ఏడాది సగానికొచ్చేసరికి ఇద్దరికీ ఒకే పిచ్చి పట్టింది. వైజాగ్‌లో బొమ్మల చదువు ఉంది, దానికి ఎంట్రన్స్ ఉంది. నేను ఇంట్లో అడిగాను. అమ్మ ఆ చదువు పేరే వినలేదంది. నాన్న కొట్టు కట్టేసి వచ్చాక చాలాసేపు ఆలోచించి ఒక మాటన్నాడు.

“ఆ చిల్లకల్లు పిల్ల కూడా వస్తానంటే పంపిస్తానమ్మా. తోడు లేకుండా ఒక్కదాన్ని అంత దూరం పంపలేను.”

నాకు అంతకన్నా ఏం కావాలి? అది ఎలాగూ వస్తుంది. మర్నాడు బస్సులో దాని కోసం బ్యాగు పెట్టుకుని, చిల్లకల్లు ఎప్పుడొస్తుందా అని కిటికీలోంచి తల బయటికి పెట్టి చూస్తూ కూర్చున్నాను. అది ఎక్కగానే మొత్తం చెప్పేశాను. నాన్న పెట్టిన షరతుతో సహా చెప్పాను. అది అటు తిరిగి, రోడ్డు వైపు చూస్తూ అంది:

“మా ఇంట్లో ఒప్పుకోలేదే. నేను రాయట్లేదు.”

ముందు దాని మీదే జాలి కలిగింది. నేనే దాని చెయ్యి పట్టుకున్నాను. నందిగామలో దిగాక చెరుకు రసం ఇప్పించి, అది తాగుతుంటే ఓదార్చాను. నువ్వు రాయకపోతే నేనూ రాయనని మాటిచ్చాను. వద్దే, నువ్వు రాయి, ఇంకోసారి మీ నాన్నని బతిమాలుకో అని అది ఒక్క మాటంటే సరిపోయేది. గ్లాసు అడుగున ఐసు ముక్క కదిలిస్తూ కూర్చుంది. దుఃఖంలో ఉందనుకున్నాను.

ఇంటికొచ్చి నాన్నతో అది రావట్లేదని చెప్పాను. అయితే ఇంకేముంది, ఇంజినీరింగ్ చూసుకో అన్నాడు. దరఖాస్తు గడువు దాటిపోయింది.

ఆ తర్వాతే అది ఒక ఆదివారం మా కొట్టుకొచ్చింది. రాయకపోయినా నేర్చుకుంటానే, ఆ సందుల సంగతి నాకు సరిగ్గా చూపించు అంది. కొట్టు వెనక మెట్టు మీద కూర్చోబెట్టి, వేలాడే సామానుని కన్ను చికిలించి ఎలా చూడాలో, ఖాళీని ఎక్కడ మొదలుపెట్టాలో, నాకు తెలిసిందంతా చెప్పాను. అది ఓపిగ్గా గీసింది. మంచి బొమ్మ వచ్చింది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. అప్పుడప్పుడు బస్సు ఎక్కేది కాదు, జ్వరమనేది. ఆ రోజుల్లో కూడా చిల్లకల్లు దాటేదాకా సీటు ఆపి, తిట్లు తిని, అప్పుడు బ్యాగు తీసేదాన్ని. అది విజయవాడలో ఎంట్రన్స్ కోచింగ్‌కి వెళ్తోందని నాకెలా తెలుస్తుంది? పరీక్షలయ్యాక సీరియల్ చివరి భాగం ఇద్దరం కలిసి చూద్దామని అట్టే పెట్టుకున్నాం.

పరీక్షలయ్యాయి, ఎండలు ముదిరాయి, వానలు కూడా మొదలయ్యాయి. అది ఫోను ఎత్తడం తగ్గించింది. నేను కంచికచర్ల దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చేరడానికి సిద్ధమవుతూ, పగలు కొట్లో కూర్చుని కళ్ళు దిద్దుతున్నాను. ఒక మధ్యాహ్నం, బుట్టల వెనక నేల మీద కూర్చుని పని చేసుకుంటుంటే ఒకావిడ వచ్చింది. పటిక, నల్ల తాడు, గుమ్మానికి కట్టే మంచి ముఖం ఒకటి కావాలంది. ఏంటమ్మా విశేషం అని నాన్న అలవాటుగా అడిగాడు. ఆవిడ అదే అడుగుతారని ఎదురుచూస్తున్నట్టుంది.

“మాది చిల్లకల్లండి. మా అమ్మాయికి వైజాగ్‌లో బొమ్మల కాలేజీలో సీటొచ్చింది. రేపే ప్రయాణం. ఇప్పటిదాకా మా ఆడపడుచుకి కూడా చెప్పలేదు. దిష్టి తగిలితే చేతికొచ్చింది జారిపోద్దని.”

చేతిలో కుంచె అలాగే ఉండిపోయింది. చిల్లకల్లులో బొమ్మల కాలేజీకి వెళ్ళే అమ్మాయిలు ఎంతమంది ఉంటారు? బుట్టల సందుల్లోంచి ఆవిడ ముఖం ముక్కలు ముక్కలుగా కనపడుతోంది. అదే గడ్డం, అదే నుదురు. నేను ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు, ఆవిడ నన్ను చూడలేదు. మా స్నేహమంతా బస్సులోనే గడిచింది, అది ఒక్కసారి కొట్టుకొచ్చింది తప్ప ఇళ్ళదాకా రాలేదు. నాన్న పటిక తూస్తున్నవాడు నా వైపు ఒకసారి చూశాడు. ఇన్నాళ్ళూ మోసిన గుట్టు దించుకోవడానికి ఆవిడకి మా కొట్టే దొరికింది.

“బస్సులో స్నేహితురాలొకత్తి ఉందంటండి, పేట పిల్ల. దీనికంటే బాగా గీస్తదంట. అయిన వాళ్ళకంటే అట్టాంటి వాళ్ళ కళ్ళే ముందు పడతాయి. ఆ పిల్లకి మాత్రం చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా.”

ఆవిడ అంతటితో ఆగలేదు. పరీక్షలో బజారుని బొమ్మ వెయ్యమన్నారట. పిల్ల ఇంటికొచ్చి అదే బొమ్మ మళ్ళీ వేసి చూపించిందట. ఎంత బాగుందనుకున్నారు, పైనంతా బుట్టలూ చేటలూ వేలాడుతుంటే వాటి మధ్యలోంచి వెలుతురు వస్తుంటుంది అని చెబుతూ, తలెత్తి మా పైకప్పు చూసి, అచ్చం ఇట్టాంటి కొట్టేనండి అని మురిసిపోయింది. లేచి నిలబడి నేనేనండి ఆ పేట పిల్లనని చెప్పాలనుకున్నాను. మా కొట్లో, మా బుట్టల వెనక, నేనే దొంగలా నక్కి కూర్చున్నాను.

నాన్న నాలుగైదు ముఖాలు తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూసింది. చివరికి పొద్దున నేను ముగించి ఆరబెట్టిన దాన్ని పట్టుకుంది.

“ఇదివ్వండి. ఈ కళ్ళు చూస్తంటేనే ఒళ్ళు జలదరిస్తంది. ఎవరి చూపూ దీన్ని దాటి లోపలికి రాదు.”

నా చేతి పనిని ఎంచి, మెచ్చి, కోరి కొనుక్కున్న మొదటి మనిషి ఆవిడే. నా కళ్ళ నుంచి కూతుర్ని కాపాడుకోవడానికి నేను వేసిన కళ్ళే పట్టుకెళ్ళింది. నాన్న దాన్ని కాగితంలో చుట్టి, పురికొస కట్టి, పిల్ల క్షేమంగా వెళ్ళి రావాలమ్మా అని చేతికిచ్చాడు. పిల్లల్ని దూరం పంపే ప్రతి మనిషికీ అనే మాటే అది. ఆ రోజు అనకుండా ఉండొచ్చు కదా అనిపించింది.

ఆవిడ వెళ్ళాక బయటికొచ్చి నాన్న ఎదురుగా నిలబడ్డాను. తోడుంటే పంపిస్తానన్నావు కదా నాన్నా అన్నాను. ఆయన పటిక పొడి దులుపుకుంటూ, ఆ పిల్ల మనకి చెప్పలేదు కదమ్మా, మనకెట్టా తెలుసుద్ది అన్నాడు. గొంతులో బాధ ఉంది, కాదనను. కానీ అప్పటికి నేను చూడడం నేర్చుకున్నదాన్ని. ఆ ముఖంలో బాధ పక్కనే ఇంకోటి కనపడింది. బిడ్డ గడప దాటకుండా పోయిందన్న నిశ్చింత అది. ఆయన షరతు పెట్టినప్పుడే అది తీరకూడదని కోరుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. స్నేహితురాలు నన్ను మోసం చేసిందని తెలిసి పావుగంట కాలేదు, నాన్న కూడా చేతుల్లోంచి జారిపోయాడు. ఆ మధ్యాహ్నం ఇంకే ముఖానికీ కళ్ళు వెయ్యలేదు.

ఇప్పుడు బీటెక్ చదువుతున్నాను. అదే రోడ్డు. కాలేజీ బస్సు దొరకని రోజుల్లో అదే ఆర్టీసీ బస్సు, అదే కిటికీ. చిల్లకల్లులో బస్సు ఆగే చోటికి ఎదురు సందులో మొదటి డాబా వాళ్ళది. గుమ్మం పైన నా రాక్షసి ముఖం వేలాడుతుంటుంది. ఎండకి ఎరుపు వెలిసింది, నాలుక పెచ్చులూడింది. కళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. బస్సు ఆగినంతసేపూ ఆ ముఖం నన్నే చూస్తుంది. ఎక్కణ్ణుంచి చూసినా చూసేలా వేసింది నేనే కదా, దాన్ని అని లాభం లేదు.

మొన్న ఒకరోజు బస్సు అక్కడ ఆగితే నా స్నేహితురాలు ఎక్కింది. సెలవులకి వచ్చి తిరిగి వెళ్తున్నట్టుంది, విజయవాడలో రైలెక్కడానికి. ఒక చేతిలో సంచి, చంకలో బొమ్మలు పెట్టుకునే పెద్ద అట్ట. నడవాలో పదిమంది నిలబడి ఉన్నారు. ఒక్క నా పక్క సీటులోనే బ్యాగు ఉంది. ఎవరి కోసమూ కాదు. చెయ్యి పాత అలవాటు మానలేదు, అంతే. అది బ్యాగు వైపు చూసింది, నా వైపు చూసింది. దాని ముఖంలో చిన్న నవ్వు మొదలైంది. తన కోసమే ఆపానని అనుకుందని నాకు తెలిసిపోయింది.

ఎలా ఉన్నావే అంది. నేను బ్యాగు మీద చెయ్యి వేసి ఉంచాను. గుమ్మం మీద ముఖం చూడగానే అది నా చేతి పనని గుర్తుపట్టిందట. అమ్మని అడిగితే ఎక్కడ కొన్నదీ చెప్పిందట. అప్పటి నుంచి ఫోను చెయ్యడానికి ముఖం చెల్లలేదట. సీరియల్ చివరి భాగం చూశావా అని అడిగింది. లేదన్నాను. సీటొచ్చిన రోజు నేను చూసేశానే అంది, తల దించుకుని. దానికి కూడా నా కోసం ఆగలేదన్నమాట. ఇన్నాళ్ళూ నేను అడగాలనుకున్నది ఒక్కటే ఉంది. అది అడిగాను.

“మీ అమ్మ ఒట్టేయించుకుంది, సరే. నా దిష్టి తగులుద్దని నువ్వు కూడా అనుకున్నావా?”

అది కమ్మీ పట్టుకుని నా కళ్ళలోకి చూసింది. బొమ్మల విషయంలో అబద్ధం చెప్పని మనిషి కదా, ఇది కూడా బొమ్మల విషయమే.

“దిష్టని కాదే. నువ్వూ రాస్తే సీటు నీకొస్తది, నాకు రాదనిపించింది.”

ఏ సంకోచమూ లేకుండా చెప్పింది. నేను దానికన్నా బాగా గీస్తానని అది నమ్మింది. ఆ మాట అప్పుడు చెబితే ఎగిరి గంతేసేదాన్ని. ఆ నమ్మకంతోనే నన్ను గుమ్మం బయట నిలబెట్టిందని తెలిశాక, ఆ మెప్పుని ఏం చేసుకోవాలో తెలియలేదు. దిష్టి అనుకుని ఉంటే క్షమించేదాన్నేమో. మా ఇంట్లో అందరం దాని మీదే బతికాం.

బస్సు కదిలింది. వెనక నుంచి ఒక ముసలావిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. బ్యాగు చూసి, గొడవకి సిద్ధమైన గొంతుతో, ఇక్కడ మనిషున్నారామ్మా అని అడిగింది. నా స్నేహితురాలు ఇంకా నా పక్కనే నిలబడి ఉంది, దాని సంచి నా మోకాలికి తగులుతోంది. నేను బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఎవరూ లేరండి,” అన్నాను. “మీరు కూర్చోండి.”